హుకప్ లేని చోట ట్రావెల్ ట్రైలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు, కొనుక్కున్న మన కుటుంబాలు చాలావరకు మొదటి ఏడాది అలాంటివి నిలుపుకునే ఆర్‌వీ పార్కుల్లోనే గడుపుతాయి. అక్కడ కరెంటు తీగ, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం తగిలిస్తే ట్రైలర్ ఇల్లులాగే నడుస్తుంది. హుకప్‌లు అనే ఆ మూడూ లేని అడవికో ఎడారికో వెళ్లాలన్న కోరిక రెండో ఏడాది పుడుతుంది, దానితోపాటు సందేహాలూ పుడతాయి. డాలస్ పరిసరాల్లోని మిత్రులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబులు రాశాను. నలుగురు మనుషులు, 26 అడుగుల ట్రైలర్, పికప్ ట్రక్కు, రోజుకు రెండు పూటలైనా అన్నం వండుకునే ఇల్లు అన్న లెక్కతో వీటిని చదువుకోవాలి.

డ్రై క్యాంపింగ్, బూండాకింగ్, ఆఫ్-గ్రిడ్: ఇవన్నీ ఒకటేనా?

దాదాపు ఒకటే. హుకప్‌లు లేకుండా ఉండడాన్ని డ్రై క్యాంపింగ్ అంటారు. అది క్యాంప్‌గ్రౌండ్‌లోనైనా కావచ్చు, దుకాణం పార్కింగులోనైనా కావచ్చు. ఊరికి దూరంగా, ఏ ఏర్పాటూ లేని ప్రభుత్వ భూమిలో దిగితే దానిని బూండాకింగ్ అంటారు. ఈ మాట కొండ అనే అర్థమున్న ‘బుందోక్’ అన్న ఫిలిప్పీన్స్ తగలాగ్ పదం నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. బయటి కరెంటు, నీళ్ల మీద ఆధారపడకుండా సొంత ఏర్పాట్లతో గడపడమే ఆఫ్-గ్రిడ్. సామాను అమర్చుకోవడంలో మాత్రం ఈ పేర్ల వల్ల తేడా ఏమీ రాదు.

డీలరు బ్యాటరీ ఇచ్చాడు, పైకప్పు మీద ఒక సోలార్ ప్యానెల్ కూడా ఉంది. అది చాలదా?

వేసవిలో ఒక రాత్రికి చాలవచ్చు. చలికాలంలో చాలదని నేను అనుభవంతో చెప్పగలను. మొదటిసారి మేము అక్టోబరులో న్యూమెక్సికోలోని క్లౌడ్‌క్రాఫ్ట్ దగ్గర, లింకన్ నేషనల్ ఫారెస్టులో, సుమారు 8,600 అడుగుల ఎత్తులో దిగాము. ట్రైలర్‌తో వచ్చిన గ్రూప్ 24 సైజు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే మా దగ్గర ఉంది. రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేసరికి గదిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ దాని చప్పుడు నీరసంగా, బావిలోంచి వస్తున్నట్టు ఉంది. నేల మీద ఉన్న జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి చల్లగా తగిలింది. గ్యాసు సిలిండర్ నిండుగానే ఉంది. పిల్లలిద్దరినీ మా మంచం మీదికి తెచ్చుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లవారేదాకా కూర్చున్నాము.

తరువాత తెలిసిన సంగతి ఇది. ఫర్నేస్‌కు మంట ప్రొపేన్ గ్యాసుతోనే వచ్చినా, ఆ వేడిని గదిలోకి తోసే ఫ్యానుకు 12 వోల్టుల కరెంటు కావాలి. ఫ్యాను గాలి తగినంత బలంగా వీచినప్పుడే కదిలే సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు ఒకటి లోపల ఉంటుంది. అది కదలనంతవరకు మంట అంటుకోదు. బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఫ్యాను నెమ్మదిస్తుంది, రేకు కదలదు, మంట రాదు, ఫ్యాను మాత్రం మిగిలిన కాస్త కరెంటునూ తాగేస్తూ చల్లగాలిని విసురుతూ ఉంటుంది. గ్యాసు నిండుగా ఉన్నా చలికి వణకవలసి రావడానికి కారణం ఇదే.

మా ఇంటికి ఎంత కరెంటు కావాలో ఎలా లెక్కవేయాలి?

ఏదైనా కొనేముందు ఒక రాత్రి లెక్క కాగితం మీద రాసుకోండి. ఫర్నేస్ ఫ్యాను సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. చలి రాత్రి పది గంటల్లో నాలుగున్నర గంటలు అది తిరిగిందనుకుంటే 36 ఆంపియర్-అవర్లు ఖర్చు. గ్యాస్ లీకును పసిగట్టే అలారం, ఫ్రిజ్ లోపలి సర్క్యూట్ బోర్డు, రేడియో గడియారం లాంటివి మనకు తెలియకుండానే గంటకు ఒక ఆంపియర్-అవర్ వరకు, అంటే రాత్రికి 10, తినేస్తాయి. దీపాలు, నీళ్ల పంపు, ఫోన్ల చార్జింగ్ కలిపి ఇంకో 10 వేసుకోండి. అంటే ఒక్క రాత్రికి 56 అయింది. గ్రూప్ 24 లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 80 ఆంపియర్-అవర్లు అని రాసి ఉన్నా, అందులో సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది కాబట్టి మన చేతికి వచ్చేది 40 మాత్రమే. క్లౌడ్‌క్రాఫ్ట్‌లో మా లెక్క తప్పింది ఇక్కడే.

ఫ్రిజ్ ఏ రకమో కూడా చూసుకోవాలి. పాత పద్ధతి ఫ్రిజ్‌లు ప్రొపేన్ మీద నడుస్తాయి. వాటికి కరెంటు నామమాత్రంగా చాలు, కానీ ట్రైలర్‌ను సమతలంగా నిలపాలి. ఈ మధ్య వస్తున్న ట్రైలర్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటుంది. అది త్వరగా చల్లబడుతుంది, వంకరగా నిలిపినా పట్టించుకోదు, రోజుకు 50 నుంచి 80 ఆంపియర్-అవర్లు మాత్రం అడుగుతుంది. షోరూములో ఈ తేడా గురించి ఎవరూ చెప్పరు.

లిథియం బ్యాటరీకి మారడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు కానీ, ఆఫ్-గ్రిడ్ కోసం మొదట ఖర్చు పెట్టవలసినది దీని మీదే అని నా అభిప్రాయం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో దాదాపు అంతా వాడుకోవచ్చు, వేల సార్లు చార్జి చేయవచ్చు, బరువు లెడ్ యాసిడ్‌లో సగం కూడా ఉండదు. మా కుటుంబానికి అటువంటివి రెండు, అంటే 200 ఆంపియర్-అవర్లు, రెండు రాత్రులకు సరిపోతున్నాయి.

మార్చేటప్పుడు మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. ట్రైలర్‌లో ముందే ఉన్న కన్వర్టర్, అంటే పార్కు కరెంటుతో బ్యాటరీని చార్జి చేసే పెట్టె, లెడ్ యాసిడ్ కోసం తయారైనదైతే లిథియంకు కావలసిన 14.4 వోల్టుల దాకా చాలావరకు వెళ్లదు. బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. రెండవది, ఈ బ్యాటరీలను సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేయకూడదు. మంచి బ్యాటరీ తనంతట తానే చార్జింగ్‌ను ఆపేస్తుంది; ఆ రోజు ఎండ ఎంత కాసినా లాభం ఉండదు. అందుకే మేము వాటిని ముందు వైపు, ట్రక్కుకు తగిలించే కొక్కెం దగ్గరి డబ్బాలోంచి తీసి మంచం కిందికి మార్చుకున్నాము. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాత్రం అలా లోపల పెట్టకూడదు, చార్జి అవుతున్నప్పుడు అది హైడ్రోజన్ వదులుతుంది. మూడవది, బ్యాటరీ ఎంత ఉందో చూపే గోడ మీది నాలుగు దీపాల సూచికను నమ్మడం. లిథియం వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఆ దీపాలు నిండుగా ఉందనే చెబుతూ ఉంటాయి. లోపలికి వచ్చిన కరెంటునూ బయటికి పోయినదానినీ లెక్కగట్టే షంట్ మీటరు ఒకటి పెట్టించుకోవాలి.

సోలార్ ప్యానెళ్లు ఎన్ని వాట్లవి కావాలి?

నైరుతి రాష్ట్రాల వేసవి ఎండలో, పైకప్పు మీద పడుకోబెట్టిన 400 వాట్ల ప్యానెళ్లు రోజుకు 120 నుంచి 150 ఆంపియర్-అవర్ల దాకా ఇస్తాయి. డిసెంబరులో సూర్యుడు కిందుగా వెళతాడు కాబట్టి అందులో సగం వస్తే సంతోషించాలి. పైన్ చెట్ల కింద నిలిపితే ఆ సగమూ రాదు. ఒక కొమ్మ నీడ ఒక మూల పడినా ప్యానెల్ ఉత్పత్తి ఎంతో తగ్గుతుంది. మనిషికి నీడ, ప్యానెల్‌కు ఎండ కావాలి. అందుకని 200 వాట్లు పైకప్పు మీద బిగించుకుని, ఇంకో 200 వాట్ల మడత ప్యానెల్‌ను 30 అడుగుల తీగతో ఎండలోకి జరుపుకునేలా పెట్టుకోవడం మాకు బాగా కుదిరింది. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే కంట్రోలరు మాత్రం, ప్యానెల్ నుంచి వీలైనంత శక్తిని రాబట్టే ఎంపీపీటీ రకానిదే తీసుకోండి.

ట్రక్కు నడుస్తున్నప్పుడు బ్యాటరీ నిండిపోతుందిలే అనుకోకండి. ట్రక్కునూ ట్రైలర్‌నూ కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులోని సన్నని తీగ గుండా వచ్చేది కొద్ది ఆంపియర్లే. అలా నింపుకోవాలంటే లావు తీగ, ట్రక్కు కరెంటును ట్రైలర్ బ్యాటరీకి తగినట్టు మార్చే డీసీ-డీసీ చార్జరు విడిగా అమర్చుకోవాలి.

ఇన్వర్టర్ ఎంతది? ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ నడుస్తుందా?

230 వోల్టుల మిక్సీ ఇక్కడి 120 వోల్టుల మీద సరిగా నడవదు. ఇక్కడి దుకాణాల్లో దొరికే 110 వోల్టుల ఇండియన్ మిక్సీకి 2,000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చక్కగా సరిపోతుంది. చవకగా దొరికే మాడిఫైడ్ సైన్ వేవ్ రకం మీద మిక్సీ మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. చట్నీకి రెండు నిమిషాలు తిప్పితే ఖర్చయ్యేది రెండు మూడు ఆంపియర్-అవర్లే కాబట్టి మిక్సీ గురించి దిగులు అక్కర్లేదు. ఇడ్లీ పిండిని మాత్రం ఇంటి దగ్గరే రుబ్బి తీసుకువెళ్లండి.

భయపడవలసినది తీగల విషయంలో. 2,000 వాట్లు తీసుకున్నప్పుడు 12 వోల్టుల వైపు 180 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తాయి. తీగ సన్నగా ఉంటే అదే హీటరై కూర్చుంటుంది. బొటనవేలంత లావు రాగి తీగ, వీలైనంత పొట్టిగా, బ్యాటరీ పక్కనే క్లాస్ టీ ఫ్యూజుతో ఉండాలి. లిథియం బ్యాటరీలో షార్ట్ సర్క్యూట్ అయితే వచ్చే ప్రవాహాన్ని మామూలు ఫ్యూజు ఆపలేకపోవచ్చు. ఈ ఒక్క పనినైనా తెలిసినవారి చేత చేయించండి.

బ్యాటరీల మీద ఏసీ నడపవచ్చా?

నడపవచ్చు, కానీ దాని కోసం డబ్బు పెట్టమని నేను చెప్పను. 13,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఏసీకి సుమారు 1,500 వాట్లు కావాలి. 400 ఆంపియర్-అవర్ల లిథియం ఉన్నా మూడు గంటలకే అయిపోతుంది. జులైలో చల్లదనం కావాలంటే క్లౌడ్‌క్రాఫ్ట్ లాంటి ఎత్తైన చోటికి ఎక్కడమే తేలిక మార్గం. అదే కొండ కింద ఉన్న అలమగోర్డో ఉడికిపోతున్నప్పుడు పైన రాత్రికి దుప్పటి కావలసి వస్తుంది.

జనరేటరు ఉంటే ఇవన్నీ ఎందుకు?

2,200 వాట్ల ఇన్వర్టర్ జనరేటరు ఒకటి మా దగ్గరా ఉంది. మబ్బు పట్టిన మూడో రోజున అది దేవుడిలా కనిపిస్తుంది. అయితే అది ఆగకుండా ఇవ్వగలిగేది 1,800 వాట్లే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాలుగు శాతం శక్తి తగ్గుతుంది. 8,000 అడుగుల దగ్గర 1,300 వాట్లు మిగిలితే ఎక్కువ. నేషనల్ పార్కుల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెళ్లు మించకూడదన్న నియమం కూడా ఉంది. కిటికీకి దూరంగా, పొగ ట్రైలర్ వైపు రాకుండా గాలి పోయే దిక్కున పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ప్రతి ప్రయాణానికీ ముందు నొక్కి చూడండి.

నీళ్లు ఎన్ని రోజులు వస్తాయి?

అందరూ కరెంటు గురించి అడుగుతారు, కానీ మమ్మల్ని ఇంటికి తిప్పి పంపింది ఎక్కువసార్లు నీళ్లే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మంచినీళ్లు అయిపోకముందే గ్రే ట్యాంకు, అంటే సింకు, స్నానాల నీళ్లు చేరే ట్యాంకు, నిండిపోతుంది. చాలా ట్రైలర్లలో 40 గ్యాలన్ల మంచినీటి ట్యాంకు, 30 గ్యాలన్ల గ్రే ట్యాంకు ఉంటాయి. ఇంట్లో చేసినట్టు నలుగురూ ఒక్కసారి స్నానం చేస్తే చాలు, గ్రే ట్యాంకు నిండినట్టే.

మన వంట దీనికి ఇంకా బరువు. బియ్యం మూడుసార్లు కడిగితే గ్యాలన్ పోతుంది. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి అంటుకున్న కంచాలు చల్లని నీళ్ల ధారకు లొంగవు. పైగా ఆ నూనె ట్యాంకు గోడలకు పట్టి, రెండో రోజుకల్లా సింకులోంచి వాసన లేస్తుంది. మా ఇంట్లో స్థిరపడిన పద్ధతి ఇది: కంచాన్ని ముందు పేపర్ టవల్‌తో గట్టిగా తుడిచి ఆ కాగితాన్ని చెత్త సంచిలో వేస్తాము, తరువాత సబ్బునీళ్ల స్ప్రే కొట్టి, ఒక టబ్బులో ముంచి తీస్తాము, బియ్యాన్ని ఇంటి దగ్గరే కడిగి ఆరబెట్టి తెచ్చుకుంటాము. గిన్నెలకు రోజుకు రెండు గ్యాలన్లు మించడం లేదు. షవర్‌కు బటన్ ఉన్న తల పెట్టించి, తడుపుకోవడం, ఆపడం, రుద్దుకోవడం, కడుక్కోవడం అలవాటయ్యాక ఒక స్నానం రెండు గ్యాలన్లలో ముగుస్తోంది. ఇలా చేస్తే నలుగురికి మూడు రోజుల దాకా గడుస్తాయి.

అదనపు నీళ్ల కోసం 6 గ్యాలన్ల క్యాన్లు, ట్రక్కు తొట్టిలో పెట్టుకునే మెత్తని సంచి, దానిలోంచి ట్యాంకులోకి తోడే చిన్న 12 వోల్టుల పంపు ఉంటే ట్రైలర్‌ను కదపకుండా ఊళ్లోంచి నీళ్లు తెచ్చుకోవచ్చు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌన్లు తూగుతాయని మరువకండి.

గ్రే నీళ్లే కదా, చెట్టుకు వదిలేద్దామంటారా? ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల అది నిషిద్ధం. అన్నం మెతుకుల కోసం ఎలుగుబంట్లు, ఎలుకలు వస్తాయి, తరువాత దిగేవారు వాటితో పడతారు. చక్రాలున్న నీలం రంగు టోట్ ట్యాంకులోకి దింపి, మురుగు ఖాళీ చేసే చోటైన డంప్ స్టేషనుకు తీసుకువెళ్లండి. అది నిండితే ఎత్తడం మనిషి వల్ల కాదు కాబట్టి 15 గ్యాలన్లకు మించినది కొనవద్దు.

టాయిలెట్‌లో చెంబు వాడవచ్చా?

ఈ ప్రశ్నను అందరూ చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. నిక్షేపంగా వాడవచ్చు. బ్లాక్ ట్యాంకుకు, అంటే టాయిలెట్ మురుగు చేరే ట్యాంకుకు, నీళ్లు తక్కువైతేనే ప్రమాదం. మలం, కాగితం గొట్టం కింద గుట్టగా పేరుకుని గట్టిపడతాయి. ఆఫ్-గ్రిడ్‌లో నీళ్లు మిగల్చాలని ఫ్లష్ తగ్గించేవారికే ఆ తిప్పలు. చెంబు వాడే ఇంట్లో కాగితం తగ్గుతుంది, నీళ్లు సరిపడా చేరతాయి. బయలుదేరేముందు రెండు మూడు గ్యాలన్లు అందులో పోసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

వంటకు గ్యాసు ఎన్నాళ్లు వస్తుంది? బయట స్టవ్ పెట్టుకోవచ్చా?

20 పౌన్ల సిలిండరులో 4.7 గ్యాలన్ల ప్రొపేన్, అంటే సుమారు 4,30,000 బీటీయూలు ఉంటాయి. వంట ఒక్కదానికే అయితే వారాల తరబడి వస్తుంది. 30,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా మండితే 14 గంటల్లో అయిపోతుంది. రెండు సిలిండర్లుంటే ఒకదానిని మూసి ఉంచండి. రెండూ తెరిచి పెట్టి ఆటోమేటిక్‌గా మారనిస్తే, మొదటిది ఎప్పుడు అయిపోయిందో తెలియదు.

ఎత్తైన చోట్లకు ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. 8,600 అడుగుల మీద నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు కుతకుతలాడినా పలుకుగానే ఉంటుంది. రాత్రి పది దాటాక విజిల్ వేయకండి, అడవిలో అది మైలు దూరం వినిపిస్తుంది. పోపు మాత్రం బయటే పెట్టాలి, ఎండుమిర్చి పొగకు లోపలి అలారం కూయక మానదు. బయటి స్టవ్ దగ్గర ఒక చిక్కు ఉంది: ట్రైలర్ పక్కన ఉండే గ్యాస్ పైపు మూతి రెగ్యులేటరు దాటి వచ్చిన తక్కువ ఒత్తిడి గ్యాసుది, సొంత రెగ్యులేటరున్న క్యాంప్ స్టవ్‌ను దానికి తగిలిస్తే మంట కొవ్వొత్తిలా వస్తుంది. తక్కువ ఒత్తిడికి తయారైన స్టవ్ కొనుక్కోవాలి, లేదా మామూలు స్టవ్‌ను నేరుగా సిలిండర్‌కు తగిలించాలి.

అక్కడి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చా?

ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ మినీ 25 నుంచి 40 వాట్లే తీసుకుంటుంది, 12 వోల్టుల మీద నేరుగా నడుస్తుంది. పని గంటలకు రోజుకు 25 ఆంపియర్-అవర్లు వేసుకోండి. దానికి ఆకాశం తెరిచి కనిపించాలి, దట్టమైన అడవిలో మీటింగు మధ్యలో తెగిపోతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఇంకో మాట: ఆ వీసా దరఖాస్తు ఒక పని స్థలానికి ముడిపడి ఉంటుంది. వారాల తరబడి వేరే రాష్ట్రం నుంచి పనిచేసేముందు కంపెనీ లాయరును అడగాలి.

ఇన్ని సామాన్లు ఎక్కిస్తే బరువు పెరగదా?

తప్పకుండా పెరుగుతుంది. ట్రైలర్ తలుపు దగ్గరి పసుపు చీటీ మీద ఎంత సామాను ఎక్కించవచ్చో రాసి ఉంటుంది. నిండు నీళ్ల ట్యాంకు ఒక్కటే 330 పౌన్లు మింగేస్తుంది. కొక్కెం మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. అంతా సర్దుకున్నాక ట్రక్ స్టాపులోని తూకం మీద ఒకసారి ఎక్కించి చూడండి.

ఎక్కడ దిగవచ్చు? ఎన్నాళ్లు ఉండవచ్చు?

టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుది కాబట్టి మన దగ్గర అవకాశం తక్కువ. న్యూమెక్సికో, ఆరిజోనా, యూటా వైపు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు ఉచితంగా ఉండవచ్చు, తరువాత దూరంగా కదలాలి. గడువు ఊరూరికీ కొంత మారుతుంది, ఆ ప్రాంతపు కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోవాలి. శీతాకాలమంతా ఒకేచోట ఉండాలనుకునే విశ్రాంత తల్లిదండ్రులకు ఆరిజోనాలోని క్వార్ట్‌జైట్ దగ్గర లా పోసా ఉంది. 1983లో మొదలైన ఇటువంటి దీర్ఘకాల విడిది ప్రాంతాల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు రుసుము కట్టి ఉండవచ్చు. అడవి దారుల్లోకి ట్రైలర్‌తో నేరుగా దూరకండి. ముందు ట్రక్కుతో వెళ్లి, వెనక్కి తిప్పుకునే చోటు ఉందో లేదో చూసి రండి.

మొదటిసారి ఎక్కడికి వెళ్లమంటారు?

ముందు మీ ఇంటి ముందుకే. కరెంటు తీగ తీసేసి, నీళ్ల గొట్టం విప్పేసి, శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం ఉదయం దాకా ట్రైలర్‌లోనే పడుకోండి, వండుకోండి. కాలనీ సంఘాలు చాలావరకు ఒకటి రెండు రోజులకు మించి ట్రైలర్‌ను వాకిట్లో ఉంచనివ్వవు కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి. ఆ రెండు రాత్రుల్లో ఏది ముందు అయిపోయింది, ఏది ముందు నిండింది అన్నది రాసుకున్నాకే మిగతా సామాను కొనండి.

ఆ తరువాత కార్పస్ క్రిస్టీ అవతల పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌లోని మలకీట్ క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లండి. అక్కడ హుకప్‌లు ఉండవు, కానీ మంచినీళ్లు పట్టుకునే చోటూ డంప్ స్టేషనూ దగ్గరలోనే ఉంటాయి కాబట్టి లెక్క తప్పినా పరువు దక్కుతుంది. సముద్రపు గాలికి ప్లగ్గుల రాగి పచ్చబడుతుంది. ఇంటికి రాగానే ఏడు పిన్నుల ప్లగ్గును తుడిచి తేమ తగలనివ్వని డై-ఎలక్ట్రిక్ గ్రీజు కాస్త రాయండి.